‘ది ఆడ్ మిస్టేక్’ అంటే వింత తప్పు కాదు

ముందు మీ ప్రశ్నని క్లుప్తంగా చెప్పేస్తాను, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. మీరు గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి ఆఫీసులో కాగితాల పని చూస్తున్నారు. ఇంగ్లండ్‌లో మీ సరుకు కొనే ఆయన మీరు పంపిన ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు చూసి ‘ది పేపర్స్ ఆర్ ఫైన్, అపార్ట్ ఫ్రమ్ ది ఆడ్ మిస్టేక్’ అని మెయిల్ పెట్టాడు. ఆడ్ అంటే వింత అనీ, ది అంటే ఫలానా అనీ మనం బడిలో నేర్చుకున్నాం కదా. ఎక్కడో ఒక ఫలానా వింత తప్పు ఉందనుకుని మీరు రాత్రి పదింటిదాకా కూర్చుని వెతికారు. దొరకలేదు. మర్నాడు ‘విచ్ ఆడ్ మిస్టేక్, సర్?’ అని అడిగితే, ‘నథింగ్ ఆడ్ అబౌట్ దెమ్, జస్ట్ ఎ టైపో ఆర్ టూ’ అని జవాబు వచ్చింది. టెన్షన్ తగ్గింది గానీ అనుమానం పెరిగింది. నిన్న ఆడ్ అన్న మనిషే ఇవాళ ఆడ్ ఏమీ లేదంటాడేమిటి? ఇది మొదటి ప్రశ్న. ఆ మాట మన ఉత్తరాల్లో మనమూ వాడొచ్చా అన్నది రెండోది.

నేను గుంటూరులో ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ పాఠాలు చెప్పాను. మధ్యలో కొన్నేళ్లు సాయంత్రాలు బస్సెక్కి విజయవాడ వెళ్లి, గవర్నర్‌పేటలో ప్రెస్సులకి ప్రూఫులు దిద్దాను. ఈ మాట దగ్గర నేనే ఒకసారి బోల్తా పడ్డాను. ఆ సంగతి కింద చెబుతాను.

మీ కొనుగోలుదారు రెండుసార్లూ నిజమే చెప్పాడు. మొదటి మెయిల్లో ఆడ్‌కి ‘అడపాదడపా తగిలే’ అని అర్థం. రెండో మెయిల్లో ‘వింతైన’ అని అర్థం. మాట ఒకటే, పని వేరు. ‘అపార్ట్ ఫ్రమ్ ది ఆడ్ మిస్టేక్’ని తెలుగులో పెట్టాలంటే ‘ఒకటీ అరా తప్పులు తప్ప’ అనాలి. ఆయన మెచ్చుకున్నాడు. మీరు మందలింపు అనుకున్నారు.

మీ రంగంలోంచే ఒక ఉదాహరణ చెబుతాను. మిర్చి యార్డులో టిక్కీ, అంటే మిర్చి బస్తా, విప్పి పిడికెడు కాయ చేతిలోకి తీసుకుని చూస్తారు కదా. మంచి రంగున్న తేజ రకం కాయల మధ్య తెల్లమచ్చ పడిన తాలుకాయ ఒకటో రెండో కనిపిస్తుంది. వ్యాపారి ‘సరుకు బావుంది, ఒకటీ అరా తాలు ఉంది, అంతే’ అంటాడు. ఇంగ్లిష్‌వాడి ‘ది ఆడ్’ సరిగ్గా ఇదే. తాలుకాయలో వింతేమీ లేదు, తాలు ఎలా ఉంటుందో యార్డులో పసిపిల్లాడికీ తెలుసు. అదే కాయల మధ్య ఒక వంకాయ దొరికిందనుకోండి, అది ‘యాన్ ఆడ్ థింగ్’. ఎలా వచ్చిందిరా బాబూ అని నలుగురూ చుట్టూ చేరతారు.

ఇప్పుడు ఆ ‘ది’ సంగతి. అసలు చిక్కు ఆడ్‌లో కంటే అందులోనే ఉంది. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి ‘ది’ కనిపించగానే మనం దాన్ని ‘ఆ’ అని చదువుతాం. ‘ది బుక్’ అంటే ‘ఆ పుస్తకం’. చాలాచోట్ల ఇది సరిపోతుంది గానీ ఇంగ్లిష్‌లో ‘ది’ ప్రతిసారీ వేలు పెట్టి చూపించదు. ‘ఇన్ ది ఈవెనింగ్’ అంటే ఏ సాయంత్రమైనా కావచ్చు. ‘షి ప్లేస్ ది వీణ’ అంటే ఫలానా వీణ కాదు, వీణ అనే వాయిద్యం. ‘ది ఆడ్ మిస్టేక్’లో ‘ది’ కూడా ఇలాంటిదే. అది ఏ తప్పునీ చూపించడం లేదు. ‘అలాంటివి అప్పుడొకటి ఇప్పుడొకటి’ అన్న భావాన్ని కట్టి ఉంచే ముడి లాంటిది. ముడి విప్పితే అర్థం జారిపోతుంది. ‘ది’ తీసి ‘యాన్’ పెట్టి ‘యాన్ ఆడ్ మిస్టేక్’ అన్నారంటే, ఎక్కువమంది చెవికి అది వింత తప్పే.

రెండో గుర్తు ఏకవచనం. తప్పులు మూడున్నా నాలుగున్నా ‘ది ఆడ్ మిస్టేక్’ అనే అంటారు. ‘ది ఆడ్ మిస్టేక్స్’ అన్నారో, ‘ఆ వింత తప్పులు’ అయిపోతుంది. తెలుగువాళ్లకి ఇది ఎబ్బెట్టుగా ఉంటుంది, ఒకటి కంటే ఎక్కువ ఉన్నప్పుడు బహువచనం పెట్టాలి కదా అని. కానీ మనమూ ‘సందులో అప్పుడప్పుడూ ఆటో వస్తుంది’ అంటాం, ‘ఆటోలు వస్తాయి’ అననక్కర్లేదు. ఒక్కోసారి ఒక్కటే వస్తుంది కాబట్టి ఏకవచనం.

అనుమానం వచ్చినప్పుడు పరీక్షించుకోవడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. ఆడ్ తీసేసి అక్కడ ‘అకేషనల్’ పెట్టి చదవండి. ‘అపార్ట్ ఫ్రమ్ ది అకేషనల్ మిస్టేక్’. వాక్యం నిలబడిందంటే అడపాదడపా అర్థం. నిలబడకపోతే ‘స్ట్రేంజ్’ పెట్టి చూడండి. ఇంకో మార్గం, ఆడ్ ముందు ‘వెరీ’ చేర్చడం. ‘ఎ వెరీ ఆడ్ మిస్టేక్’ హాయిగా అనొచ్చు, చాలా వింత తప్పు. అడపాదడపా అన్న ఆడ్‌కి మామూలుగా వెరీ అతకదు. అలాగే ‘దిస్ మిస్టేక్ ఈజ్ ఆడ్’ అని వాక్యం చివర పెడితే అది వింతే, ఇంకో అర్థానికి చోటు లేదు.

నా భాగోతం ఇప్పుడు చెబుతాను. తొంభైల మొదట్లో గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో డిగ్రీ పిల్లల చరిత్ర గైడ్ ఇంగ్లిష్‌లో అచ్చవుతోంది. రాసినాయన రిటైరైన లెక్చరర్. నేను పేజీ ప్రూఫులు చూసి, పైన ఒక చీటీ పెట్టి పంపాను: ‘దేర్ ఆర్ ఆడ్ మిస్టేక్స్ బిట్వీన్ పేజెస్ 40 అండ్ 60’. నా ఉద్దేశం, ఆ ఇరవై పేజీల్లో కొద్దిపాటి తప్పులు ఉన్నాయి అని. మర్నాడు సాయంత్రం ఆయన సత్యనారాయణపురం నుంచి రిక్షాలో దిగాడు. చీటీ చేతిలో ఉంది.

“నా ఇంగ్లిష్‌లో నీకు కనపడిన వింతలేమిటయ్యా?” అన్నాడు.

నాకు ఏం అర్థం కాలేదు. “వింతలు కాదండీ, కొంచెం అచ్చుతప్పులు” అన్నాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, నా చేతిలో ఎర్ర పెన్ను తీసుకుని, నా చీటీకే ప్రూఫు దిద్దాడు. ‘ఆర్’ కొట్టేసి ‘ఈజ్’ రాశాడు. ‘ఆడ్’ ముందు ‘ది’ ఇరికించాడు. ‘మిస్టేక్స్’ చివర ‘ఎస్’ మీద గీత పెట్టాడు. ‘దేర్ ఈజ్ ది ఆడ్ మిస్టేక్ బిట్వీన్ పేజెస్ 40 అండ్ 60’. మూడు దిద్దుళ్లు. “ఇలా రాసుంటే నేను రిక్షాకి డబ్బులు తగలేసేవాణ్ణి కాదు” అని, టీ మాత్రం ఆయనే ఇప్పించాడు. ప్రూఫ్ రీడర్ చీటీకి ప్రూఫు పడటం చూసి కంపోజిటర్లు వారం రోజులు నవ్వుకున్నారు.

ఇక్కడ ఇంకో సంగతి జరిగింది. అదే గైడ్‌లో తర్వాతి అధ్యాయంలో అసలైన వింత తప్పు బయటపడింది. ‘యునైటెడ్ స్టేట్స్’ అని ఉండాల్సిన చోట ‘అన్‌టైడ్ స్టేట్స్’ అని పడింది. ఐ, టి అక్షరాలు తారుమారైతే చాలు, ఐకమత్యంతో ఉన్న రాష్ట్రాలు కట్లు తెగిన రాష్ట్రాలైపోతాయి. ఒక్కచోట అయితే పోనీలే అనుకోవచ్చు, ఆ అధ్యాయం పొడుగునా అంతే. అక్షరాలు చేత్తో ఏరి పేర్చే రోజులు. పేర్చిన కుర్రాడు అసలు మాటే అది అనుకున్నాడు. చూశారా, ఆ తప్పు వింతైనదే గానీ అడపాదడపా తగిలేది కాదు, పేజీకి నాలుగున్నాయి. 40 నుంచి 60 దాకా ఉన్నవేమో అడపాదడపా తగిలేవే గానీ వింతైనవి కాదు, ‘యు’ తలకిందులై ‘ఎన్’ లాగా పడటం, వేరే సైజు అక్షరం ఒకటి మధ్యలో దూరడం, ప్రతి ప్రెస్సులోనూ ఉండే బాపతు. ఈ రెండు అర్థాల మధ్య దూరం నాకు ఏ వ్యాకరణ పుస్తకమూ ఇంత బాగా చెప్పలేదు.

(అచ్చుతప్పుకి తెలుగులో ‘ముద్రారాక్షసం’ అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఒక సంస్కృత నాటకం పేరుని ప్రెస్సులో దయ్యంగా మార్చేశాడు. ఇంగ్లిష్‌లో దానికి సమానమైన మాట నాకు ఇప్పటికీ తగల్లేదు.)

ఒకే మాటకి ఇంత దూరపు అర్థాలు ఎలా వచ్చాయని అడుగుతారు కాబట్టి చెబుతాను. ఆడ్ అనేది ఇంగ్లిష్‌లో పుట్టిన మాట కాదు. వైకింగులతో ఇంగ్లండ్ చేరిన పాత నార్స్ భాషది. అక్కడ దానికి మొన అనీ, త్రికోణం అనీ అర్థాలుండేవి. త్రికోణంలో రెండు మూలలు జత కడితే మూడోది ఒంటరిగా మిగులుతుంది. అందులోంచి మూడోది, జత లేనిది, బేసి అన్న అర్థం వచ్చింది. ఇద్దరి మధ్య మాట తేలనప్పుడు తీర్పు చెప్పే మూడో మనిషికి కూడా ఆ భాషలో ఈ మాటతోనే పేరు. క్రికెట్ అంపైర్ పేరు వెనకా ఇదే ఆలోచన ఉంది. అది ‘జత కానివాడు’ అనే పాత ఫ్రెంచి మాట. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ‘ఎ నంపైర్’లో ‘న’ కాస్తా ముందున్న ‘ఎ’కి అతుక్కుని ‘యాన్ అంపైర్’ అయింది.

ఈ మూడోది అన్న భావం మనకి కొత్తేం కాదు. మూడు కళ్లున్న శివుణ్ణి తెలుగు కవులు ‘బేసికంటి’ అన్నారు. చింతగింజలు గుప్పిట్లో పెట్టి సరా బేసా అని ఆడుకోని తెలుగు పిల్లలు ఒకప్పుడు లేరు. గింజల్ని రెండేసి చొప్పున పక్కన పెడుతూ పోతే చివర ఒకటి మిగులుతుంది చూడండి, ఆడ్ అంటే అది. అక్కణ్ణుంచి మాట రెండు దారుల్లో నడిచింది. జత లేనిది కాబట్టి మిగిలినవాటితో కలవనిది, అంటే వింతైనది అని ఒక దారి. ఈ అర్థం పదహారో శతాబ్దం చివర వచ్చింది. లెక్కకి అందకుండా మిగిలిన చిల్లర, అక్కడొకటి ఇక్కడొకటి అని రెండో దారి. మీ కొనుగోలుదారు మొదటి మెయిల్లో రెండో దారిలో వెళ్లాడు, రెండో మెయిల్లో మొదటి దారిలో.

చిల్లర అన్నాను కాబట్టి ఇంకో వాడుక కూడా చూడండి. ‘ట్వంటీ-ఆడ్ మిస్టేక్స్’ అని మధ్యలో చిన్న గీత పెట్టి రాస్తే ‘ఇరవై పైచిలుకు తప్పులు’. మన ‘పైచిలుకు’ ఎంత సరిగ్గా సరిపోయిందో చూడండి. ఆ గీత మర్చిపోతే ‘ఇరవై వింత తప్పులు’ అని చదవొచ్చు. ఆఫీసు కాగితాల్లో ఈ గీత మర్చిపోకండి. అసలు అంకె తెలిసినప్పుడు మాత్రం అంకే రాయండి, పైచిలుకులు వద్దు.

ఇంజనీరింగ్ చదివే పిల్లలకి ఇంకో ఆడ్ ఉంది. కంప్యూటర్లలో డేటా పంపేటప్పుడు, అందులో ఒకట్లు సరిసంఖ్యలో ఉన్నాయా బేసిసంఖ్యలో ఉన్నాయా అని చూసుకోవడానికి ప్యారిటీ బిట్ అని ఒకటి చేరుస్తారు. దారిలో ఒక బిట్టు తారుమారైతే అది పట్టుకుంటుంది, మూడైనా పట్టుకుంటుంది. రెండైతే ఒకదాన్నొకటి కప్పేసుకుని తప్పించుకుంటాయి. అంటే ఆ పాఠంలో ‘ఆడ్ నంబర్ ఆఫ్ ఎర్రర్స్’ అంటే వింతా కాదు, అడపాదడపా కాదు, నికార్సైన బేసి సంఖ్య.

బహువచనం వస్తే వింతే అని పైన చెప్పాను కదా, దానికి మినహాయింపులున్నాయి. ‘ఆడ్ జాబ్స్’ అంటే చిల్లర పనులు, ‘అట్ ఆడ్ మొమెంట్స్’ అంటే తీరిక దొరికినప్పుడల్లా, ‘అట్ ఆడ్ అవర్స్’ అంటే వేళకాని వేళ. ఇవి జంటగా గట్టిపడిపోయిన మాటలు, అలాగే నేర్చుకోవాలి. వీటిని చూసి ‘ఆడ్ మిస్టేక్స్’ని కూడా లాక్కొస్తే నాలాగే టీ తాగాల్సి వస్తుంది.

ఈ మాట ప్రధానంగా బ్రిటిష్‌వాళ్ల వాడుక. ఇంగ్లండ్ వాతావరణ వార్తల్లో ‘ది ఆడ్ షవర్’ అని తరచు వినిపిస్తుంది, మన ‘అక్కడక్కడ జల్లులు’ లాంటిది. అమెరికావాళ్లకీ అర్థమవుతుంది గానీ వాళ్లు ‘ది అకేషనల్’ వైపే మొగ్గుతారు. దాని వ్యాకరణం కూడా అచ్చంగా ఇదే, ముందు ‘ది’, వెనక ఏకవచనం. కాస్త మర్యాదైన ఉత్తరంలో నేనైతే ‘ది అకేషనల్ ఎర్రర్’ అనే రాస్తాను. అందులో వింత అన్న అర్థం లేదు కాబట్టి అపార్థానికి తావు లేదు. మన దేశపు ఇంగ్లిష్ పత్రికలకి ఇంకో అలవాటు ఉంది, ‘స్ట్రే’. ఎన్నికల మర్నాడు పేపరు తీస్తే ‘బారింగ్ స్ట్రే ఇన్సిడెంట్స్, పోలింగ్ వాజ్ పీస్‌ఫుల్’ అని ఉంటుంది. తెలుగు పేపర్లో అదే ముక్క, ‘చెదురుమదురు సంఘటనలు మినహా పోలింగ్ ప్రశాంతం’.

ఆ ‘మినహా’ దగ్గర కాసేపు ఆగుదాం. మీ రెండో ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. చెదురుమదురు సంఘటనలు అని ఎవరంటారు? దూరంగా నిలబడి మొత్తం చూసి తీర్పు చెప్పేవాడు అంటాడు. తల పగిలినవాడు అనడు. తల పగలగొట్టినవాడు అసలే అనకూడదు. ‘ది ఆడ్ మిస్టేక్’ది కూడా ఇదే స్వభావం. ఆ మాటలో లెక్క లేదు, ‘ఎన్నో చెప్పను, చెప్పాల్సినన్ని లేవు’ అన్న ఉదారత ఉంది. క్షమించేవాడి నోట అది అందంగా ఉంటుంది. మీ కొనుగోలుదారు అంటే పెద్దమనసు. అదే మాట మీరు మీ తప్పు గురించి ఆయనకి రాస్తే? ‘వి రిగ్రెట్ ది ఆడ్ మిస్టేక్ ఇన్ అవర్ పేపర్స్’. చదివేవాడికి ‘ఏదో ఒకటీ అరా, దానికింత గొడవేంటి’ అన్నట్టు వినిపిస్తుంది. క్షమాపణ చెబుతూనే తప్పుని మీరే తేలిక చేసేసుకున్నట్టు. కల్లాపి చల్లుతున్న ఇల్లాలు పక్కింటావిడ మీద నీళ్లు పడితే ‘రెండు చుక్కలేగా వదినా’ అంటే ఎలా ఉంటుందో అలాగ. ఆ మాట పక్కింటావిడ అనాలి.

కాబట్టి కొనుగోలుదారుకి మీ తప్పు గురించి రాసేటప్పుడు ఆడ్ వద్దు, అకేషనల్ కూడా వద్దు. ఎన్ని తప్పులు, ఎక్కడ, ఏం దిద్దారు అన్నది రాయండి. ‘ఇన్‌వాయిస్‌లో రెండు టైపింగ్ తప్పులు దిద్దాం, దిద్దిన కాపీ జతపరిచాం’ అన్న అర్థం వచ్చే ఒక్క వాక్యం చాలు. సొంత మాటల్లో వినయంగా, ‘మై ఇంగ్లిష్ ఈజ్ ఆల్ రైట్, బట్ ఐ మేక్ ది ఆడ్ మిస్టేక్’ అని ముచ్చట్లలో అనుకోవచ్చు, అక్కడ ఎవరికీ నష్టం లేదు. ఎదుటివాళ్ల పని మెచ్చుకుంటూ అనొచ్చు. మీ కింద చేరిన కొత్త కుర్రాడి కాగితం చూసి అనొచ్చు, వాడి మొహం వెలుగుతుంది.

సరుకు నాణ్యత రాసేచోట మాత్రం అసలు వాడకండి. ‘యు మే ఫైండ్ ది ఆడ్ డిస్‌కలర్డ్ పాడ్’ అని రాస్తే ఇంగ్లిష్ నిక్షేపంగా ఉంటుంది, వ్యాపారం మాత్రం కాదు. తాలు ఎంత శాతం, విరిగిన కాయ ఎంత శాతం, తొడిమ ఉన్నవి ఎంత శాతం అని అంకెల్లో ఉండాల్సిన చోట అది. మన వాతావరణ శాఖవాళ్లని చూడండి. ‘ఒకటి రెండు చోట్ల’ వానలు అని వాళ్లు రాసేది కూడా ఊరికే అనే మాట కాదు. ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో నాలుగో వంతుకి మించకుండా వాన పడితేనే వాళ్ల లెక్కలో అది ‘ఐసొలేటెడ్’. సగందాకా వెళ్తే ‘స్కాటర్డ్’. ఇంగ్లండ్‌వాడి ‘ది ఆడ్ షవర్’కి ఇలాంటి కొలబద్ద లేదు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మీ తమ్ముడికి ‘ఆడ్ ఎర్రర్ వస్తోంది’ అని రాయొచ్చా అని కూడా అడిగారు. రాయకూడదు. అవతలివాడికి అది వింత ఎర్రరా, అప్పుడప్పుడూ వచ్చేదా తెలియదు. వచ్చీ రాక ఏడిపించేదైతే ‘ఇంటర్మిటెంట్’ అనాలి. ఒక్కసారే వచ్చి మళ్లీ రానిదైతే ‘వన్-ఆఫ్’ అనాలి.

ఏది తేలికగా తీసుకోదగ్గ తప్పు, ఏది కాదు అన్నదానికి మీ రంగంలోనే రాసిపెట్టిన కొలత ఒకటుంది. మీ మేనేజరుకి తెలిసే ఉంటుంది. ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు ఇస్తామని బ్యాంకు ఇచ్చే హామీ) మీద వ్యాపారం చేసేటప్పుడు బ్యాంకులు కాగితాల్ని ఇంటర్నేషనల్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ నియమాల ప్రకారం చూస్తాయి. 2007 జులై నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 అని దాని పేరు. దానికి తోడుగా బ్యాంకుల పద్ధతుల్ని వివరించే ఇంకో పత్రం ఉంది. అర్థం మారనంతవరకూ అక్షరదోషాన్ని తప్పుగా పట్టుకోనక్కర్లేదని అందులో ఉంది. మెషీన్ అన్న మాట స్పెల్లింగులో సి, హెచ్ బదులు ఎస్, హెచ్ పడినా, ‘మోడల్’లో చివరి రెండక్షరాలు అటూ ఇటూ అయినా పర్వాలేదు. కానీ మోడల్ 321 అని ఉండాల్సిన చోట 123 అని పడితే అది టైపింగ్ తప్పు కింద రాదు, కాగితాల్లో తేడా కింద లెక్క. కాగితం వెనక్కి రావొచ్చు, డబ్బు ఆగొచ్చు. మూడంకెలు తారుమారైతే చూసేవాడి కంటికి అది చిన్న టైపో లాగే ఉంటుంది. బ్యాంకు దాన్ని వేరే సరుకు అంటుంది.

ఇది ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. మీరు ప్రశ్నతో పాటు ఆ కాగితాల నకళ్లు కూడా పెట్టారు కదా. పాత అలవాటు, ప్రూఫు చూసినట్టు మొత్తం చూశాను. ఆయన చెప్పిన టైపోలు రెండూ కనిపించాయి. చిరునామాలో ఒకటి, సరుకు వివరంలో ‘స్టెమ్‌లెస్’ అన్న మాటలో ఒక ‘ఎస్’ ఎగిరిపోవడం ఇంకోటి. అవి పర్వాలేదు. కానీ ప్యాకింగ్ లిస్టులో పద్నాలుగో వరస చూడండి. గ్రాస్ వెయిట్ గడిలో 25 కిలోలు, నెట్ వెయిట్ గడిలో 25.2 కిలోలు అని ఉంది. సంచీతో కలిపిన బరువు కంటే లోపల కాయ బరువే ఎక్కువ! మిగతా వరసలన్నీ సరిగానే ఉన్నాయి, ఈ ఒక్క దాంట్లో గళ్లు తారుమారయ్యాయి. మీ కొనుగోలుదారు దీన్ని చూసి ఉండడు, చూసుంటే ‘ది’ బదులు ‘యాన్’ రాసేవాడు. ఈ జవాబు తర్వాత తీరిగ్గా మళ్లీ చదువుకోవచ్చు, కాగితాలు బ్యాంకుకి వెళ్లకముందే ఆ వరస మార్చి, దిద్దిన లిస్టు ఇవాళే ఆయనకి పంపండి.